వైఫై గుర్తు నిండుగా ఉంది, నెట్ మాత్రం రాదు. ఈ స్క్రీన్ మీద ఉన్న మాటలకు అర్థం ఎవరైనా చెప్తారా?

చిట్టడవి:

అందరికీ నమస్కారం. నేను ఇంటి నుంచే అకౌంట్స్ పని చేస్తాను, రోజంతా ల్యాప్‌టాప్ మీదే గడుస్తుంది. కొంతకాలంగా ఒక సమస్య వదలడం లేదు. సాయంత్రం ల్యాప్‌టాప్ తెరవగానే వైఫై గుర్తు నిండుగా కనిపిస్తుంది, కింద మాత్రం ‘ఇంటర్నెట్ లేదు’ అని వస్తుంది. విచిత్రం ఏమిటంటే అదే సమయంలో, అదే వైఫై మీద నా ఫోన్‌లో అన్నీ చక్కగా నడుస్తుంటాయి. రూటర్ ఆపి మళ్లీ వేస్తే ల్యాప్‌టాప్‌కు కూడా వచ్చేస్తుంది. ఒక్కోసారి ఏమీ చేయకపోయినా కాసేపటికి దానంతటదే వస్తుంది.

సర్వీస్ వాళ్లకు ఫోన్ చేశాను. ఐపీ ఎంత వచ్చింది, గేట్‌వే పింగ్ అవుతోందా, డీహెచ్‌సీపీ ఆన్‌లో ఉందా అని వరుసగా అడిగారు. ఒక్కదానికీ జవాబు చెప్పలేకపోయాను. నెల చివర పని ఒత్తిడిలో ఇలా జరిగితే చాలా టెన్షన్‌గా ఉంటోంది. సమస్య తీరడం ఒకటే కాదు, ఈసారి ఎవరైనా ఆ ప్రశ్నలు అడిగితే వాళ్లేం అడుగుతున్నారో నాకు అర్థం కావాలి.

సెట్టింగ్స్‌లో వైఫై వివరాల పేజీ చూసి రాసుకున్నవి ఇవి.

నెట్ వస్తున్నప్పుడు: ప్రోటోకాల్ వైఫై 4 (802.11ఎన్), సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2, బ్యాండ్ 2.4 గిగాహెర్ట్జ్, ఛానల్ 4, లింక్ స్పీడ్ 52 ఎంబీపీఎస్, ఐపీ అడ్రస్ 192.168.1.104, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0, గేట్‌వే 192.168.1.1, డీఎన్‌ఎస్ 192.168.1.1.

రానప్పుడు: పై నాలుగు వివరాలూ అలాగే ఉన్నాయి. ఐపీ అడ్రస్ మాత్రం 169.254.83.12, మాస్క్ 255.255.0.0, గేట్‌వే దగ్గర ఖాళీ.

ఇంకొక్కటి. మాది 100 ఎంబీపీఎస్ ప్లాన్. ల్యాప్‌టాప్‌లో స్పీడ్ టెస్ట్ చేస్తే 30 దాటడం లేదు. రెండూ ఒకే సమస్యా, వేరువేరా?

వేగిరం:

డీఎన్‌ఎస్‌లో 8.8.8.8 పెట్టి చూడండి. నాకు ఇలాంటిదే వస్తే దానితోనే బాగైంది.

మూడోల్యాబ్:

చిట్టడవి గారూ, రెండు సందర్భాల వివరాలూ రాసుకోవడం చాలా మంచి పని. సగం జవాబు వాటిలోనే ఉంది. నేను ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబుల నెట్‌వర్క్ చూసుకుంటాను. ఇలాంటి పేజీలు చదవడమే నా పని, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఈ మాటల్ని పట్టిక వేసి బట్టీ పట్టవద్దని మా విద్యార్థులకు ఎప్పుడూ చెప్తుంటాను. మీ ల్యాప్‌టాప్ నుంచి ఒక వెబ్‌సైట్ దాకా డేటా వెళ్లే దారి ఒకటి ఉంది. మీరు రాసిన ప్రతి మాటా ఆ దారిలో ఒక చోటుకో, ఒక పనికో పేరు. దారి వరుసలో నేర్చుకుంటే ఎక్కడ తెగిందో మీరే చెప్పగలరు.

అన్నిటికన్నా ముందు, వైఫై వేరు, ఇంటర్నెట్ వేరు. వైఫై అంటే మీ ల్యాప్‌టాప్‌కూ రూటర్‌కూ మధ్య ఉన్న రేడియో లింకు, అంతవరకే. గుర్తులోని గీతలు రూటర్ సిగ్నల్ మీ ల్యాప్‌టాప్‌కు ఎంత బలంగా అందుతోందో మాత్రమే చెప్తాయి. బయట ఫైబర్ తెగిపోయినా ఆ గీతలు నిండుగానే ఉంటాయి. కాబట్టి ‘వైఫై ఫుల్ ఉంది కదా’ అన్నది నెట్ ఉందనడానికి సాక్ష్యం కాదు.

మనం రూటర్ అని పిలిచే డబ్బాలో నిజానికి చాలా పరికరాలు కలిసి ఉంటాయి. రేడియోతో మాట్లాడే భాగం యాక్సెస్ పాయింట్. వెనక వరుసగా ఉండే ల్యాన్ రంధ్రాలు ఒక చిన్న స్విచ్, ఇంట్లోని పరికరాలను తమలో తాము కలపడం దాని పని. ఇంటి నెట్‌వర్క్‌నూ బయటి నెట్‌వర్క్‌నూ కలిపే భాగమే అసలు రూటర్. ఫైబర్‌లో వచ్చే కాంతిని మామూలు నెట్‌వర్క్ సిగ్నల్‌గా మార్చే భాగం ఓఎన్‌టీ, కొన్ని చోట్ల అది వేరే డబ్బాగా ఉంటుంది. వీటన్నిటితో పాటు అదే డబ్బాలో డీహెచ్‌సీపీ సర్వర్ అనే చిన్న ప్రోగ్రామ్ కూడా నడుస్తుంటుంది. మీ సమస్య దాని దగ్గరే ఉందని నా అనుమానం.

నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి పరికరానికీ ఒక ఐపీ అడ్రస్ ఉండాలి. అది లేకపోతే డేటా ఎవరికి చేరాలో తెలియదు. ఆ అడ్రస్‌ను మనం చేత్తో పెట్టుకోము. ల్యాప్‌టాప్ వైఫైలో చేరగానే ‘నాకో అడ్రస్ కావాలి’ అని అందరికీ వినపడేలా అడుగుతుంది, డీహెచ్‌సీపీ సర్వర్ ఒకటి ఇస్తుంది. దాంతో పాటు మాస్క్, గేట్‌వే, డీఎన్‌ఎస్ వివరాలు కూడా అదే ఇస్తుంది. అవి కొంత గడువుకే ఇస్తుంది. ఆ గడువును లీజ్ అంటారు.

ఇప్పుడు మీ రెండో పేజీ చూడండి. 169.254తో మొదలయ్యే అడ్రస్ రూటర్ ఇచ్చింది కాదు. ఎంత అడిగినా జవాబు రాకపోతే ల్యాప్‌టాప్ తనకు తానే పెట్టుకునే అడ్రస్ అది. ప్రపంచంలో ఏ కంప్యూటర్‌లోనైనా సరే, ఆ అంకెలు కనిపించాయంటే మొదట అనుకోవలసింది ‘డీహెచ్‌సీపీ నుంచి అడ్రస్ రాలేదు’ అనే. గేట్‌వే ఖాళీగా ఉండడం కూడా అందుకే. గేట్‌వే అంటే మీ ఇంటి నెట్‌వర్క్ నుంచి బయటికి వెళ్లే ద్వారం, మీ విషయంలో రూటర్ అడ్రస్ అయిన 192.168.1.1. అది తెలియకపోతే ల్యాప్‌టాప్ బయటికి ఏమీ పంపలేదు.

వేగిరం గారు చెప్పిన డీఎన్‌ఎస్ మార్పు చాలాసార్లు పనికొస్తుంది, ఇక్కడ మాత్రం పనిచేయదు. డీఎన్‌ఎస్ చేసే పని వెబ్‌సైట్ పేరు చెప్తే దాని ఐపీ అడ్రస్ వెతికి ఇవ్వడం. 1983 నుంచి ఈ ఏర్పాటు ఉంది. అంతకుముందు పేర్లూ అడ్రస్‌లూ అన్నీ ఒకే ఫైల్‌లో ఉంచి, దాన్ని అన్ని కంప్యూటర్లకూ కాపీ చేసుకునేవారు. 8.8.8.8 అలాంటి ఒక డీఎన్‌ఎస్ సర్వర్ అడ్రస్, గూగుల్ నడుపుతుంది. కానీ ద్వారమే తెలియని ల్యాప్‌టాప్ ఆ 8.8.8.8ను మాత్రం ఎలా చేరుతుంది?

సబ్‌నెట్ మాస్క్ గురించి మీకు తెలియాల్సింది కొంచెమే. 255.255.255.0 అంటే అడ్రస్‌లో మొదటి మూడు అంకెలు ఎవరికి ఒకేలా ఉన్నాయో వాళ్లంతా ఒకే ఇంటివాళ్లు. వాళ్లతో నేరుగా మాట్లాడవచ్చు, మిగతా అందరితో గేట్‌వే ద్వారానే మాట్లాడాలి.

ఇక 192.168 అంకెలు. ఇవి మీ ఇంట్లోనే చెల్లే అడ్రస్‌లు. ఇప్పుడు ఇది చదివేవాళ్లలో చాలామంది ఇళ్లలో కూడా 192.168.1.1 ఉండి ఉంటుంది. పాత తరహా ఐపీ అడ్రస్‌లు, అంటే ఐపీవీ4, మొత్తం సుమారు 429 కోట్లే. ప్రతి పరికరానికీ ఒకటి ఇచ్చుకుంటూ పోతే చాలవు కాబట్టి, 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా, 192.168తో మొదలయ్యేవి లోపలి వాడకానికి విడిగా కేటాయించారు. మీ ఇంటి పరికరాలన్నీ బయటికి వెళ్లేటప్పుడు రూటర్ తన ఒక్క బయటి అడ్రస్‌ను వాటన్నిటికీ వాడుతుంది. ఏ జవాబు ఎవరికి చేరాలో తనే గుర్తుపెట్టుకుంటుంది. ఆ పనిని న్యాట్ అంటారు. ఐపీవీ6 వచ్చిన చోట అడ్రస్‌ల కరువు లేదు. కానీ చాలా ఇళ్లలో రెండూ కలిసే నడుస్తున్నాయి.

ఈసారి నెట్ ఆగినప్పుడు రూటర్ జోలికి వెళ్లేముందు ఒక్క పని చేయండి. కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైప్ చేసే విండో) తెరిచి, వరుసగా మూడు పింగ్‌లు కొట్టండి. మొదట 192.168.1.1కి, తర్వాత 8.8.8.8కి, చివర ఏదైనా వెబ్‌సైట్ పేరుకి. పింగ్ అంటే ‘ఉన్నావా’ అని ఒక చిన్న ప్యాకెట్ పంపి, జవాబు రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో చూడడం. మొదటిదే రాకపోతే తేడా ఇంట్లోనే, మీకూ రూటర్‌కూ మధ్యే. మొదటిది వచ్చి రెండోది రాకపోతే రూటర్ అవతల, సర్వీస్ వాళ్ల వైపు. మొదటి రెండూ వచ్చి పేరు మాత్రం పలకకపోతే డీఎన్‌ఎస్. సర్వీస్ వాళ్లు మీ దగ్గర రాబట్టాలని చూసింది సరిగ్గా ఇదే. మంచి ప్రశ్నలే అడిగారు.

ఈ మాటలన్నీ ఒకేచోట పనికొచ్చిన సంఘటన ఒకటి చెప్తాను. మా ల్యాబ్‌లో కంప్యూటర్లకు 10తో మొదలయ్యే అడ్రస్‌లు రావాలి. ఒక రోజు ఉదయం సగం కంప్యూటర్లకు నెట్ లేదు, సగానికి ఉంది. నెట్ లేని ఒకదాని ముందు కూర్చుని నెట్‌వర్క్ వివరాలన్నీ చూపే ఐపీకాన్ఫిగ్ /ఆల్ అనే ఆదేశం కొట్టాను. అడ్రస్ 192.168.0తో మొదలైంది, గేట్‌వే 192.168.0.1. మా కాలేజీలో అలాంటి గేట్‌వే లేనే లేదు. అంటే మాది కాని డీహెచ్‌సీపీ సర్వర్ ఇంకొకటి ఎక్కడో పుట్టుకొచ్చి అడ్రస్‌లు పంచుతోంది. కంప్యూటర్లు సాధారణంగా ఎవరు ముందు ఇస్తే వాళ్ల అడ్రస్ తీసుకుంటాయి, ఇచ్చింది ఎవరో సరిచూడవు. అందుకే సగం అటు, సగం ఇటు.

ఆ డబ్బా ఏ గదిలో ఉందో ఐపీ అడ్రస్ చెప్పదు. అక్కడ అక్కరకొచ్చింది మ్యాక్ అడ్రస్. ప్రతి నెట్‌వర్క్ కార్డుకూ తయారీలోనే ఇచ్చే 12 అక్షరాల గుర్తింపు అది. మొదటి ఆరు అక్షరాలు తయారీదారును చెప్తాయి. ఏఆర్‌పీ -ఏ అని కొడితే 192.168.0.1 వెనక ఉన్న మ్యాక్ అడ్రస్ కనబడింది. మొదటి ఆరు అక్షరాలు వెతికితే ఇళ్లలో వాడే రూటర్లు చేసే కంపెనీది. తర్వాత మా స్విచ్‌లోకి లాగిన్ అయ్యాను. ఏ మ్యాక్ అడ్రస్ తన ఏ రంధ్రం వైపు నుంచి వస్తోందో స్విచ్ ఒక పట్టికలో రాసుకుంటుంది. ఆ పట్టికలో ఈ మ్యాక్ 17వ పోర్టు ఎదురుగా ఉంది. ఆ పోర్టు తీగ వెంట వెళ్తే ప్రాజెక్ట్ గదిలో బల్ల కింద ఒక చిన్న రూటర్ వెలుగుతోంది. ఫోన్‌కు వైఫై కావాలని ఒక విద్యార్థి తెచ్చి పెట్టుకున్నాడు. గోడ నుంచి వచ్చే తీగను బయటి లైన్ కోసం ఉండే డబ్ల్యూఏఎన్ రంధ్రంలో పెట్టాల్సింది ల్యాన్ రంధ్రంలో పెట్టాడు. దాంతో అది మా నెట్‌వర్క్ మొత్తానికీ అడ్రస్‌లు పంచడం మొదలుపెట్టింది. తీగ తీశాం, కంప్యూటర్లు అడ్రస్ మళ్లీ అడిగేలా చేశాం, అన్నీ దారిలో పడ్డాయి. ఆ రోజే స్విచ్‌లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఆన్ చేశాను. మేం ఒప్పుకున్న పోర్టు నుంచి తప్ప ఇంకెక్కడి నుంచి అడ్రస్ ఇస్తానన్నా స్విచ్ ఆ మాటను లోపలికి రానివ్వదు.

మీ ఇంట్లో ఇలాంటి రెండో రూటర్ ఉండి ఉంటే మీకు వేరే అడ్రస్ వచ్చేది. 169.254 వచ్చిందంటే అసలు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. అది కూడా సాయంత్రాలే, ఫోన్‌కు ఇబ్బంది లేకుండా, రూటర్ ఆపి వేస్తే సర్దుకుంటూ. నాకు ఒక ఊహ ఉంది. బ్రౌజర్‌లో 192.168.1.1 తెరిచి లాగిన్ అవండి. పాస్‌వర్డ్ సాధారణంగా డబ్బా అడుగున రాసి ఉంటుంది. లోపల డీహెచ్‌సీపీ పేజీలో పూల్, అంటే రూటర్ పంచగల అడ్రస్‌ల వరుస, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో, లీజ్ గడువు ఎంత ఉందో రాయండి. స్పీడ్ సంగతి వేరే సమస్య, దాని గురించి తర్వాత రాస్తాను.

చిట్టడవి:

మేడమ్, ఇంత ఓపిగ్గా ఎవరూ చెప్పలేదు. చాలా థాంక్స్. నిన్న సాయంత్రం మళ్లీ ఆగింది. మీరు చెప్పినట్టే మూడు పింగ్‌లు కొట్టాను, మూడూ ఫెయిల్. అంటే తేడా ఇంట్లోనే అని మొదటిసారి నాకు నేనుగా తెలుసుకున్నాను.

ఫోన్ నుంచి రూటర్ పేజీ తెరిచాను. స్టార్ట్ 192.168.1.100, ఎండ్ 192.168.1.110. లీజ్ టైమ్ 24 గంటలు. కింద క్లయింట్ లిస్ట్ అని ఒక పట్టిక ఉంది, అందులో 11 పేర్లు ఉన్నాయి. మా ఫోన్లు, టీవీ, రెండు కెమెరాలు, ప్రింటర్ గుర్తుపట్టాను. మధ్యాహ్నం వచ్చి వెళ్లిన మా ఆడపడుచు వాళ్ల ఫోన్లు కూడా ఇంకా ఉన్నాయి! నా ల్యాప్‌టాప్ పేరు లేదు.

మూడోల్యాబ్:

దొరికింది. 100 నుంచి 110 దాకా అంటే పదకొండే అడ్రస్‌లు, పదకొండూ అయిపోయాయి. పన్నెండోదిగా వచ్చిన మీ ల్యాప్‌టాప్‌కు ఇవ్వడానికి రూటర్ దగ్గర ఏమీ మిగల్లేదు.

మీ ఆడపడుచు గారు వెళ్లిపోయినా ఫోన్ల పేర్లు ఉండడానికి కారణం లీజ్. పరికరం వెళ్లిపోయిందని రూటర్‌కు తెలియదు, గడువు తీరేదాకా ఆ అడ్రస్ దాని పేరునే ఉంటుంది. మీ ఫోన్‌కు ఎప్పుడూ ఇబ్బంది రాకపోవడానికి కారణం కూడా అదే. ఫోన్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, గడువులో సగం కాగానే లీజ్‌ను పొడిగించమని అడుగుతుంది. మూసి పెట్టిన ల్యాప్‌టాప్ అలా అడగలేదు, దాని గడువు తీరితే ఆ అడ్రస్ ఇంకొకరికి పోతుంది. రూటర్ ఆపి వేస్తే బాగవుతోందంటే మీ రూటర్ ఆ పట్టికను శాశ్వతంగా దాచుకోవడం లేదన్నమాట, ఆపగానే చెరిగిపోతోంది.

ఇంకో సంగతి కూడా ఇందులో కలిసి ఉండవచ్చు. ఇప్పటి ఫోన్లు అసలు మ్యాక్ అడ్రస్ బయటపెట్టకుండా ప్రతి వైఫైకీ ఒక కల్పిత మ్యాక్ వాడతాయి. ఎక్కడెక్కడ తిరుగుతున్నామో ఎవరూ పసిగట్టకుండా ఇది మంచిదే. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఇది మామూలు పద్ధతి అయింది. కానీ ఏ కారణంతోనైనా ఆ కల్పిత మ్యాక్ మారితే రూటర్ దృష్టిలో అది కొత్త ఫోనే, దానికి ఇంకో అడ్రస్ ఖర్చవుతుంది.

ఎండ్ దగ్గర 110 తీసేసి 200 పెట్టి సేవ్ చేయండి. మీ మాస్క్ ప్రకారం 1 నుంచి 254 దాకా వాడుకోవచ్చు, కాబట్టి ఏ ఇబ్బందీ రాదు. లీజ్ 24 గంటలే ఉండనివ్వండి. ప్రింటర్‌కు మాత్రం అడ్రస్ రిజర్వేషన్ పెడితే మంచిది. దాని మ్యాక్ ఇచ్చి ‘దీనికి ఎప్పుడూ ఇదే అడ్రస్’ అని రూటర్‌కు చెప్పడం అది. ప్రింటర్ అడ్రస్ మారితే ల్యాప్‌టాప్ దాన్ని పాతచోటే వెతుకుతూ ‘ఆఫ్‌లైన్’ అంటుంటుంది.

ఇక స్పీడ్.

ముందు బిట్, బైట్ తేడా. ప్లాన్‌లో 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 100 మెగాబిట్లు. డౌన్‌లోడ్ అయ్యేటప్పుడు కనిపించేవి సాధారణంగా మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైట్ కాబట్టి, 100 మెగాబిట్ల లైన్ మీద ఫైల్ సెకనుకు 12.5 మెగాబైట్లకు మించి రాదు. మీ స్పీడ్ టెస్ట్ చూపిన 30 మెగాబిట్లలోనే ఉంటుంది కాబట్టి మీ లెక్కలో పొరపాటు లేదు, నిజంగానే తక్కువ వస్తోంది.

ఆ కారణం మీ మొదటి పేజీలో ఉంది. లింక్ స్పీడ్ 52. అది ఇంటర్నెట్ వేగం కాదు, మీ ల్యాప్‌టాప్, రూటర్ ఆ క్షణానికి కుదుర్చుకున్న రేడియో వేగం. అందులో కొంత ప్రతి ప్యాకెట్‌కూ అందిందని తిరిగి చెప్పడానికీ, ఎదురుచూపులకూ పోతుంది. మన చేతికొచ్చేది ఇంచుమించు సగం, పరిస్థితి బాగుంటే ఇంకాస్త ఎక్కువ. ప్లాన్ 100 కాదు, 1000 తీసుకున్నా ఈ లింకు మీద మీకు ఆ 30 దగ్గరే వస్తుంది. ఇది తెలియక చాలామంది పెద్ద ప్లాన్‌కు మారి నిరాశపడుతుంటారు.

వైఫైలో ఎదురుచూపులు ఎందుకంటే, ఒక ఛానల్ మీద ఒక సమయంలో ఒక్కరే మాట్లాడాలి. గదిలో అందరూ మర్యాదగా ఒకరు ఆపాక ఒకరు మాట్లాడుకుంటున్నట్టు, ప్రతి పరికరమూ ముందు విని, ఎవరూ మాట్లాడడం లేదని నిర్ధారించుకుని, అప్పుడు పంపుతుంది. పక్కింటి రూటర్ అదే ఛానల్ మీద ఉంటే దాని వంతు కోసం కూడా ఆగాలి.

మీది ఛానల్ 4. ఇది చూడగానే నా మనసు అక్కడే ఆగింది. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఛానళ్ల మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్, కానీ ఒక్కో ఛానల్ వాడుకునే వెడల్పు 20 మెగాహెర్ట్జ్. ఛానల్ 4 నడిమధ్య 2427, అంటే అది 2417 నుంచి 2437 దాకా పరుచుకుంటుంది. ఛానల్ 1 పై కొన 2422 దాకా వస్తుంది, ఛానల్ 6 కింది కొన 2427 దగ్గర మొదలవుతుంది. అంటే మీ 4 అటు 1 మీదా, ఇటు 6 మీదా కూర్చుంది. ఒకే ఛానల్ మీద ఉన్నవాళ్లు ఒకరి మాట ఒకరికి అర్థమై వంతులు వేసుకుంటారు. సగం సగం కలిసినవాళ్లకు అవతలివాళ్ల మాట వట్టి రొదలా వినిపిస్తుంది. అందుకే 1, 6, 11 ఈ మూడింటిలో ఏది ఖాళీగా ఉంటే అది పెట్టుకోవాలి. రూటర్‌లో ఛానల్ దగ్గర 4 అని ఎవరో చేత్తో పెట్టి ఉంటారు.

అసలు మందు 5 గిగాహెర్ట్జ్. అక్కడ ఛానళ్లు ఎక్కువ, వెడల్పు కూడా 80 మెగాహెర్ట్జ్ తీసుకోవచ్చు. గోడలు దాటడంలో మాత్రం 2.4 కన్నా వెనకబడుతుంది. అది చేరే గదిలో అదే వాడండి, చేరని గదిలో 2.4కు మారండి. వీటికి 5జీ మొబైల్‌తో సంబంధం లేదు. ఇది తరంగం ఫ్రీక్వెన్సీ, అది మొబైల్ నెట్‌వర్క్‌లో ఐదో తరం.

వైఫై 4 అన్నది 2009లో వచ్చిన 802.11ఎన్‌కు ఇప్పుడు వాడే పేరు. వైఫై 5 అంటే 802.11ఏసీ, 2013 నాటిది. వైఫై 6 అంటే 802.11ఏఎక్స్. ఈ తేలిక పేర్లు 2018లో పెట్టారు, లేకపోతే ఆ అక్షరాలతో ఏది కొత్తదో ఏది పాతదో తెలిసేది కాదు. మీ రూటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఉందో లేదో చూడండి. ఉంటే దానికి విడిగా ఒక ఎస్ఎస్ఐడీ పెట్టండి. ఎస్ఎస్ఐడీ అంటే ఫోన్‌లో వైఫై జాబితాలో కనిపించే పేరే.

కంచె:

మేడమ్ అంతా చెప్పారు. రూటర్ పేజీ తెరిచారు కాబట్టి సెక్యూరిటీ గురించి రెండు మాటలు నావి.

మీ వైఫైకి తాళం వేసే పద్ధతి డబ్ల్యూపీఏ2, అది బాగానే ఉంది. పరికరాలన్నీ ఒప్పుకుంటే డబ్ల్యూపీఏ3 పెట్టుకోండి, అది 2018లో వచ్చింది. డబ్ల్యూఈపీ అనే పాత పద్ధతి ఎక్కడైనా కనిపిస్తే మాత్రం వాడకండి. 2001కే దాని లోపాలు బయటపడ్డాయి.

డబ్ల్యూపీఎస్ ఆపేయండి. పాస్‌వర్డ్ కొట్టకుండా ఎనిమిది అంకెల పిన్‌తో చేర్చే సౌకర్యం అది. ఎనిమిది అంకెలంటే పది కోట్ల కాంబినేషన్లు కదా అనిపిస్తుంది. కానీ రూటర్ ఆ పిన్‌ను రెండు ముక్కలుగా సరిచూస్తుంది, చివరి అంకె మిగతావాటి నుంచి లెక్కకట్టేదే. దాంతో ప్రయత్నించాల్సినవి మొత్తం 11,000కు పడిపోతాయి. ఒక ప్రోగ్రామ్‌కు అది పెద్ద పని కాదు. 2011లో ఇది బయటపడింది. డిఫాల్ట్ అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా ఈరోజే మార్చేయండి.

ఎస్ఎస్ఐడీ దాచిపెడితే భద్రం అని కొందరు చెప్తారు. నేను వద్దంటాను. రూటర్ పేరు చెప్పకపోతే మీ ఫోనే ‘ఫలానా పేరున్న రూటర్ ఉందా’ అని వెళ్లిన ప్రతిచోటా అడుగుతూ తిరగవచ్చు. వినేవాళ్లకు పేరు అక్కడే దొరుకుతుంది. బంధువులు వచ్చిపోతుంటారన్నారు కాబట్టి గెస్ట్ నెట్‌వర్క్ పెట్టండి. దాని పాస్‌వర్డ్ ఇచ్చినా మీ ల్యాప్‌టాప్, ప్రింటర్ జోలికి వాళ్ల ఫోన్లు రాలేవు.

చిట్టడవి:

పూల్ 200 దాకా పెంచాక నెట్ ఒక్కసారి కూడా ఆగలేదు. 5 గిగాహెర్ట్జ్ ఉంది, ఎవరూ ఆన్ చేయలేదంతే. ఇప్పుడు లింక్ స్పీడ్ 433 చూపిస్తోంది, స్పీడ్ టెస్ట్‌లో 94 వచ్చింది. కంచె గారు చెప్పినట్టు డబ్ల్యూపీఎస్ ఆపేశాను, గెస్ట్ కూడా పెట్టాను.

ఒక్కటే మిగిలింది. వెనక గదిలో ఫోన్‌లో ఒక యాప్ వేసి చూస్తే 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ -82 డీబీఎం అంటోంది, వీడియో కాల్ తెగుతోంది. ఈ మైనస్ ఏమిటి? ఆ గదికి రిపీటర్ కొనమంటున్నారు, కొననా?

మూడోల్యాబ్:

చాలా సంతోషంగా ఉంది!

డీబీఎంలో సున్నా అంటే ఒక మిల్లీవాట్. అక్కడి నుంచి పది మెట్లు దిగిన ప్రతిసారీ శక్తి పదో వంతు అవుతుంది. -30 అంటే మిల్లీవాట్‌లో వెయ్యో వంతు, రూటర్ పక్కనే నిలబడితే వచ్చేది. -60 అంటే పది లక్షల్లో ఒక వంతు, అయినా చాలా మంచి సిగ్నలే. వీడియో కాల్‌కు -67 దాకా ఉంటే నిశ్చింత. -82 దగ్గర మాట అర్థం కావడమే కష్టం. మైనస్ పక్కన అంకె ఎంత చిన్నదైతే అంత మంచిది.

రిపీటర్ కొనేముందు రూటర్ చోటు మార్చి చూడండి. నేల మీద, టీవీ వెనక, ఇనుప బీరువా పక్కన ఉంటే తీసి ఎత్తులో, ఇంటికి నడుమ పెట్టండి. పెద్ద అద్దాలు, నీళ్ల ట్యాంకు, కాంక్రీట్ గోడలు సిగ్నల్‌ను బాగా తినేస్తాయి. మూడు డీబీ మెరుగైతే శక్తి రెట్టింపు అయినట్టు, కాబట్టి కొద్ది జరుపుడుకు కూడా తేడా కనిపిస్తుంది. ఆ గదిలో 2.4 సరిపోతుందేమో కూడా చూడండి, వీడియో కాల్‌కు కొన్ని మెగాబిట్లు చాలు.

అప్పటికీ కుదరకపోతే, మామూలు రిపీటర్ నా చివరి ఎంపిక. అది ఒకే రేడియోతో మీ మాట విని, మళ్లీ అదే మాటను రూటర్‌కు చెప్తుంది. ఒకే ఛానల్ మీద ప్రతి ప్యాకెట్ రెండుసార్లు పోవాలి కాబట్టి వేగం సగమవుతుంది. మెష్ అంటే ఇల్లంతా కలిసి ఒకే వైఫైగా పనిచేసే కొన్ని డబ్బాలు, వాటిలో మంచివాటికి డబ్బాలు తమలో తాము మాట్లాడుకోవడానికి వేరే రేడియో ఉంటుంది. నా మొదటి ఎంపిక మాత్రం తీగే. రూటర్ నుంచి ఆ గదికి క్యాట్ 6 కేబుల్ లాగి, చివర ఒక యాక్సెస్ పాయింట్ పెట్టించండి. 100 మీటర్ల దాకా ఒక గిగాబిట్ వేగం తగ్గకుండా వస్తుంది. పాత రూటర్ ఏదైనా ఉంటే దాన్నే యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టి వాడుకోవచ్చు. ఆ మోడ్ లేకపోతే తీగను దాని ల్యాన్ రంధ్రంలో పెట్టి, దాని అడ్రస్‌ను 192.168.1.2కు మార్చి, తప్పనిసరిగా దాని డీహెచ్‌సీపీ ఆపేయండి. ఆపకపోతే మా ప్రాజెక్ట్ గదిలో జరిగిందే మీ ఇంట్లోనూ జరుగుతుంది.